దాలమ్మ గూబపట్టీ

సాలూరులో కూర్చున్న దాలమ్మ, బొబ్బిలి సంతలో మోగిన కుండ చప్పుడు విని, "అది బీటు కుండ, కొనొద్దని సెప్పండి" అనగలిగేది. ఆ రెండు ఊళ్ల మధ్య ఎంత దూరమో బస్సు కండక్టరుని అడగండి, నన్ను కాదు. అలాంటి చెవి ఉత్తరాంధ్ర మూడు జిల్లాల్లో ఇంకొకరికి లేదు. అంతకుముందు లేదు, ఇకముందు ఉండబోదు.

ఇది కరెంటు విమానాల కాలం నాటి కథ. ఆ కాలం ఇంకా రాలేదు కదా అని అడ్డం పడేవాళ్లు కాస్త ఓపిక పట్టండి. వచ్చాక చెబితే అందులో నా గొప్పేముంది? అప్పటికి కొండ మీది ఊళ్లకి అంబులెన్సు గాలిలోనే వెళ్లేది. గెడ్డవలస బయట, జీడిమామిడి తోట పక్కన చదును చేసిన నేల మీద నాలుగు చిన్న విమానాలు ఉండేవి. వాటికి పెట్రోలు చుక్క అక్కర్లేదు. పొట్టలో ఒక బ్యాటరీ పెట్టె పెడితే చాలు, రెండు ఘాట్లు దాటి వెళ్లి, పాము కరిచినవాళ్లనీ పురిటి నొప్పులు పడేవాళ్లనీ ఎక్కించుకుని పట్నం ఆసుపత్రిలో దింపేవి. ఆ నాలుగింటిలో ఒకదాన్ని నడిపేది సింహాచలం. దాలమ్మకి ఒక్కగానొక్క కూతురు.

కుమ్మరి సారె తిప్పే ఇంట్లో పుట్టి విమానం నడపడమేమిటని ఎవరైనా ముక్కున వేలేసుకుంటే, తండ్రి అప్పలసూరి దగ్గర జవాబు తయారుగా ఉండేది.

"తిప్పడం మా ఇంట్లో ఉన్నదే బావూ. నాను సారెని నేల మీద తిప్పుతాను, నా కూతురు గుంట ఇమానం ముక్కు మీద తిప్పుతాది. అంతే తేడా."

ఆ వేసవిలో ఒక పొద్దున్న ఆ ముక్కు మీది సారె ఆకాశంలో ఆగిపోయింది. సింహాచలం విమానాన్ని గాలి మీద జార్చుకుంటూ వచ్చి, కొండ కింద చోడి చేలో, అంటే రాగి పైరులో, కూలబడేసింది. గడ్డం చీలి నాలుగు కుట్లు పడ్డాయి. అదృష్టం బాగుండి అప్పుడు విమానంలో రోగులెవరూ లేరు. చచ్చిపోయిన బ్యాటరీ పెట్టె వయసు ఐదు నెలలు. ఐదేళ్లు బతకాల్సింది. ఆ ఏడాది అలా అర్ధాయుష్షుతో పోయిన పెట్టెల్లో అది మూడోది.

బ్యాటరీల ప్రయోగశాల చూసే డాక్టర్ హైమవతి, ఎలా ఆగిందో సింహాచలాన్ని అడిగి తెలుసుకుందామని గెడ్డవలసలో వాళ్లింటికి వచ్చింది. కాకినాడ మనిషి. పుట్టెడు చదువు చదివింది, ఎవరినీ "గారు" లేకుండా పిలిచేది కాదు. ఆవిడ వచ్చేసరికి వాకిట్లో కుండలు కాల్చిన ఆవం విప్పి, దాలమ్మ మూడొందల కుండల మధ్య కూర్చుని ఉంది. కుండని ఎత్తడం, వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టడం, కుడికో ఎడమకో పెట్టడం. కుడివైపువి అమ్మేవి, ఎడమవైపువి బీటువి. పని చేస్తూ కూతురి గడ్డం మీది కట్టు వంకే చూస్తోంది తప్ప కుండని ఒక్కసారీ చూడలేదు.

హైమవతి ఎడమవైపు కుండ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది. "దీనికి బీటేం కనపడటం లేదే, దాలమ్మగారూ?"

"కంటికి కనపడినాక నానెందుకమ్మా? నీలు పోసి ఉంచు. రేపొద్దున్నకి అడుగున సెమ్మ కడతాది."

హైమవతి పోసి ఉంచింది. చెమ్మ కట్టింది. ఆ మర్నాడే జీపు వచ్చి దాలమ్మని ప్రయోగశాలకి తీసుకెళ్లింది.

ఒక్కో బ్యాటరీ పెట్టెలో తొంభై ఆరు చిన్న అరలు. హైమవతి వాటికేదో పేరు చెప్పింది. దాలమ్మ మాత్రం "ఏటమ్మా, ఇయి పిడతలు కావేటి" అంది. ఆ తరవాత గెడ్డవలసలో అందరికీ అవి పిడతలే. ఒక్క పిడత లోపల వెంట్రుకంత బీటు పుట్టినా, అది పెరిగి పెరిగి మొత్తం పెట్టెని చంపేస్తుంది. పుట్టిన బీటు కంప్యూటరుకి దొరకదు. దొరికేసరికి విమానం చోడి చేలో ఉంటుంది.

దానికోసమే హైమవతి ఆరేళ్లు కష్టపడి ఒక పట్టీ తయారుచేసింది. చెవి వెనక గూబ ఎముక మీద అతికించుకోవాలి. చేతిలో పెన్సిలంత పుల్ల. పుల్లతో పిడతని తాకిస్తే, మనిషి చెవికి అందనంత సన్నని మోత లోపలికి వెళ్లి, తిరిగొచ్చి, పట్టీలోంచి ఎముకలోకి దిగుతుంది. హైమవతి తనే పెట్టుకుని వింది. సహాయకులంతా విన్నారు. అందరికీ తొంభై ఆరు పిడతలూ ఒక్కలాగే "కీ" మన్నాయి.

దాలమ్మకి పట్టీ అతికించారు. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే దిగిన పెట్టె ముందు కూర్చోబెట్టారు. ఆవిడ పుల్లని కణుపులా ఆడిస్తూ వరసగా పోయింది. ఖంగు, ఖంగు, ఖంగు. నలభై ఒకటో దాని దగ్గర ఆగింది.

"ఇది తీసీ."

"కొత్తదండీ. ఇప్పుడే సీలు తీశాం" అంది హైమవతి.

"కొత్తదైతే ఏటి? కుండ ఆవంలోనే బీటిస్తాది."

కోసి చూశారు. లోపలి పొరలో, ఉల్లిపొర అంచంత సన్నని గీత. హైమవతి ఆ గీతని చూసి నిలబడ్డచోటే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరేళ్ల చదువు గెలిచిన రోజు మరి.

"ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి దాలమ్మగారూ" అంది తేరుకున్నాక. "రోజుకి అరగంట. అంతకంటే పెట్టుకోకూడదు. ఈ సన్నమోత అలవాటైపోతే చెవి లావు మోతల్ని వదిలేస్తుంది. అంటే మనుషుల గొంతుల్ని."

"అలాగేనమ్మా" అంది దాలమ్మ. ఆ రోజు అరగంటే పెట్టుకుంది. మర్నాడు గంట. ఫ్యాక్టరీ నుంచి వారంవారం దిగే కొత్త పెట్టెలు, పెట్టెకి తొంభై ఆరు పిడతలు, ఒక్కోదాన్నీ రెండేసి సార్లు. తను వినని పిడతతో కూతురు ఎగిరితే? ఆ ఆలోచన వచ్చాక దాలమ్మకి అరగంటేమిటి, పూటేమిటి. పట్టీ తియ్యకుండా ఇంటికి కూడా వచ్చేసేది. పైట చెంగు కప్పుకుంటే ఎవరికి తెలుస్తుంది?

ఇంట్లో అప్పలసూరికి మొదట తెలిసింది, తెలిసిందేమిటో మాత్రం తెలియలేదు. ఆయనకి పెళ్లాన్ని దెప్పకపోతే ముద్ద దిగదు. ఆవిడకి తిరగేసి ఒకటి అనకపోతే పెట్టిన ముద్ద అరగదు. నలభై ఏళ్ల కాపురం ఆ రెండు కాళ్ల మీదే నడిచింది.

"ఏటే, పులుసులో ఉప్పు మరిసిపోనావా, ఇమానాల మీద జల్లీసినావా?" అన్నాడొక పూట.

దాలమ్మ కంచంలోకి చూస్తూ తింటోంది.

"ఓలే, నిన్నే! జీతమిచ్చి నీ నోరు కూడా కొనీసినారేటి?"

దాలమ్మకి పెంకుల కింద చెదపురుగు దూలాన్ని నమలడం వినపడుతోంది. గోడవతల కోడిపిల్ల గుడ్డు పెంకుని లోపలి నుంచి గీకడం వినపడుతోంది. ఎదురుగా ఉన్న మొగుడి గొంతు మాత్రం దూదిమూటలో కట్టిన గంటలా ఎక్కడో, ఏదో. పెదాలు ఆడటం చూసి తల ఊపింది.

తల ఊపిందా! ఒప్పేసుకుందా! అప్పలసూరి ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పెళ్లాం పెద్ద ఉద్యోగస్తురాలైపోయింది, ఇక తనతో దెబ్బలాడటం కూడా చిన్నతనమనుకుంటోంది కాబోలనుకుని, ఆ పూట నుంచి ఆయన కూడా మూగనోము పట్టాడు.

నిజం చెబితే పట్టీ లాగేసుకుంటారు. పట్టీ లేకపోతే సింహాచలం ఏ పెట్టెతో ఎగురుతుందో, ఏ పెట్టెతో రాలుతుందో ఎవరికీ తెలియదు. అందుకని దాలమ్మ ఎవరికీ చెప్పలేదు. హైమవతి వారానికోసారి "చెవులెలా ఉన్నాయండీ?" అనేది. ఆ పెదాల ఆట దాలమ్మకి కంఠతా వచ్చేసింది. "బాగున్నాయమ్మా" అనేది. హైమవతి నమ్మింది. నమ్మడమే ఆవిడకి కావాలి కూడా.

ఈలోగా ఢిల్లీ నుంచి తనిఖీ అధికారి దిగాడు. పేరు చక్రపాణి, తెనాలి వైపువాడే. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో లావుపాటి నిబంధనల పుస్తకం. మూడు పెట్టెలు పోయాయి, నాలుగోది పోతే మనుషులు పోతారు కనక, కొండల సర్వీసు ఉంచాలో ఎత్తెయ్యాలో తేల్చడానికి వచ్చాడు. మంగళవారం షెడ్డులో, వాడుకలో ఉన్న పన్నెండు పెట్టెలూ వరసగా పెట్టించాడు. రేకుల షెడ్డు, పట్టపగలు. పెట్టెలన్నీ ఎప్పటిలాగే నిండా ఛార్జి ఎక్కి, పచ్చదీపాలు వెలిగించుకుని కూర్చున్నాయి.

"ఏమ్మా, కుండలు కొట్టి చెబుతావటగా. వీటిల్లో తీసేయాల్సినవేవో చెప్పు. సరిగ్గా చెబితే సర్వీసు ఉంటుంది."

ప్రయోగశాలలో కొత్తవే తప్ప షెడ్డులో పెట్టెలు ఎన్నడూ వినని దాలమ్మ, మొదటిదాని మీద పుల్ల పెట్టింది. మొద్దు మోత. రెండో పిడత, మొద్దు. మూడోది, మొద్దు. రెండో పెట్టె, మూడో పెట్టె... చెమట్లు పట్టాయి. పన్నెండు పెట్టెల్లో ఒక్క పిడతా ఖంగుమనలేదు. రెండు గంటల తరవాత లేచి నిలబడి, "అన్నీ బీటలే బావూ. ఒక్కటీ పనికిరాదు" అంది.

రెండింటిని అక్కడికక్కడే విప్పారు. లోపల పొరలు అద్దంలా ఉన్నాయి. గీత లేదు, మరక లేదు.

చక్రపాణి నవ్వలేదు, నవ్వినంత పని చేశాడు. "అమ్మా, బయట మా జీపుంది. దాని బ్యాటరీ కూడా పోయిందేమో కాస్త కొట్టి చెప్పు" అన్నాడు. అందరూ నవ్వారు. దాలమ్మకి ఆ మాట వినపడలేదు, నవ్వే మొహాలు కనపడ్డాయి. సింహాచలం నవ్వలేదు. తల్లి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది. వెనకాల చక్రపాణి ఉత్తర్వు రాయించాడు: శుక్రవారం సాయంత్రంతో కొండల విమానాలు బందు. అప్పటిదాకా తెర మీద కంప్యూటరు ఏ పెట్టె మంచిదంటే దాన్నే వాడాలి.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. సాలూరు నుంచి బొబ్బిలి అన్నాను చూశారూ, అది ఉత్త కోత. దాలమ్మ చెవి చెయ్యి చాపినంత దూరమే పనిచేసేది. ఒక్కసారి మాత్రం అరుగు మీద కూర్చుని వీధిలో పోయే కుండకి బీటుందని చెప్పింది. అదీ, ఆ కుండ నెత్తి మీంచి జారి రాయికి తగలడం కళ్లారా చూశాక. మంగళవారం నాడు ఆవిడ చెవి తప్పలేదని మాత్రం నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను. తప్పింది ఎక్కడో చెబుతాను.

బుధవారం పొద్దున్న దాలమ్మ గడప మీద కూలబడి ఉంది. పై వీధి ఎర్రమ్మ నెత్తి మీద నీళ్ల కుండతో వచ్చి వాకిట్లో దించింది. చేతులు తిప్పుతూ ఏదో అరుస్తోంది. కుండ కారుతోందని కాబోలు. సారె దగ్గరున్న అప్పలసూరి లేచి వచ్చాడు. కుండ ఎత్తాడు. నీళ్లన్నీ బొప్పాయి మొదట్లో పారబోశాడు. భుజం మీది తువ్వాలుతో లోపలంతా తుడిచాడు. అప్పుడు, అప్పుడు కదా, కణుపుతో కొట్టి చూశాడు.

మాటలు వినపడే మనిషైతే ఎర్రమ్మ అరుపులే వినేది. వినపడవు కనక దాలమ్మ ఆయన చేతుల్ని చూసింది. ముందు పారబొయ్యడం. తరవాత కొట్టడం. నలభై ఏళ్లుగా తను కూడా అలాగే చేసింది. నీళ్లున్న కుండని ఏ కుమ్మరీ కొట్టి చూడడు. నిండుగా ఉన్నప్పుడు మంచిదీ మొద్దే, బీటుదీ మొద్దే.

చెప్పుల్లేకుండా లేచి పరిగెత్తింది. చేతికందిన కుండని చంకనెత్తుకుని మరీ పోయింది. "ఓలమ్మో, నా కుండ!" అని ఎర్రమ్మ వీధి చివరిదాకా వెంటపడింది. పాపం, అది ఆవిడ డబ్బెట్టి కొనుక్కున్న కుండ.

ప్రయోగశాల గుమ్మంలోంచే దాలమ్మ కేక పెట్టింది. "డాట్రమ్మా! నీలున్న కుండని కొట్టి సూస్తారేటి ఎవులైనా?"

హైమవతికి అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ తరవాత మెల్లగా స్టూలు మీద కూర్చుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెట్టె సగమే ఛార్జితో వస్తుంది. అందుకే ప్రయోగశాలలో పిడతలు ఖంగుమన్నాయి. షెడ్డులోవి నిండా ఎక్కినవి. నిండితే లోపలి పొరలు ఉబ్బి ఒకదానికొకటి ఒత్తుకుంటాయి, బీటుంటే మూసుకుపోతుంది. అన్నీ ఒక్కలాగే మూలుగుతాయి.

"ఎప్పుడూ నిండుగానే ఏల ఉంచుతారు?" అంది దాలమ్మ.

హైమవతి కాగితం తీసి పెద్ద అక్షరాలతో రాసింది. ఆవిడకి అప్పటికే అర్థమైపోయింది, ఈ మనిషి పెదాలు చూసి మాట్లాడుతోందని. *ఎవరికి ఎప్పుడు ప్రాణం మీదికి వస్తుందో తెలియదని.*

"దిగొచ్చిన ఎంటనే నింపుతారేటి? పెట్టె సెయ్యి కాలిపోతుంటాది కదా అప్పుడు!"

*వెంటనే నింపుతాం.*

"ఆవంలోంచి తీసిన కుండలో సల్లారకుండా నీలు పోస్తే ఏటవుతాది? ఆ పైన రేకుల కింద ఎండలో, రోజంతా నిండుగా! అయి సచ్చిపోవడం నేదమ్మా. మీరే సంపేస్తన్నారు."

హైమవతి దాని కిందే ఇంకో మాట రాసింది. *ఇదంతా నేను చదువుకున్నదే. ఆ నిబంధన రాసింది కూడా నేనే.* రాసి, దాలమ్మ చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చి, పట్టీ అంచు పట్టుకుంది. దాలమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఆపేసింది.

"శుక్రారం దాకా. నా గుంట ఎగిరేది ఆ రోజు దాకానే కదా."

ఆ పూటే నాలుగు పెట్టెల్ని షెడ్డులోంచి తీయించి జీడితోట నీడలో పెట్టారు. సగం ఖాళీ అయ్యేదాకా ప్రయోగశాలలో ఉన్న ఫ్యాన్లన్నీ వాటితో తిప్పారు. చక్రపాణి కాగితాలు ఎగిరిపోయి తోటంతా పడ్డాయంటారు. గురువారమంతా పెట్టెలకి విశ్రాంతి. ఎవరూ ముట్టలేదు.

శుక్రవారం పదిగంటలకి కబురొచ్చింది. కొండవాడలో నిండు చూలాలికి రక్తం ఆగడం లేదు. సింహాచలం గడ్డం కుట్ల మీద చెయ్యి వేసుకుంటూ విమానం దగ్గరికి పరిగెత్తింది. చక్రపాణి తెర చూసి, పెట్టె వైపు వేలు చూపించి, "ఏడో నంబరు పెట్టె. కొత్తది, ఆరోగ్యం నూటికి తొంభై తొమ్మిది" అన్నాడు.

అప్పటికే తోటలో దాలమ్మ నాలుగు పెట్టెలూ కొట్టడం పూర్తయింది. ఏడో నంబరు అందులో ఒకటి.

"ఏడు ఒద్దు. రెండు పిడతలు బీటు. మూడో నెంబరు ఎట్టుకో అమ్మీ."

"మూడా?" చక్రపాణి పుస్తకం తెరిచాడు. "అది నాలుగేళ్లది. వచ్చేవారం తుక్కులో పడేసేది! చూడమ్మాయ్, మీ అమ్మ మంగళవారం మంచి పెట్టెలన్నీ పోయాయంది. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు సార్" అంది సింహాచలం. తల్లి మొహంలోకి చూసింది. మంగళవారం నాటి చెమటలు లేవు. సంతలో కుండ చేతిలో పెట్టి, ఇష్టముంటే తీసుకో లేకపోతే పో అనే మొహం.

"పెట్టె ఎన్నుకునే హక్కు నడిపేవాళ్లదేనని మీ పుస్తకంలోనే ఉంది సార్, నలభయ్యో పేజీ. మూడు ఎక్కించండి."

మూడో నంబరుని నింపడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాల్లోనే మందులూ రక్తం సీసాలూ ఎక్కాయి. విమానం తోట మీదుగా లేచిపోయింది.

చక్రపాణి ఊరుకోలేదు. తన మాటే నిజమని చూపిద్దామని, ఏడో నంబరుని కూడా నింపించి, మైదానం మధ్యలో మోటారుకి కట్టించాడు. ఆకాశంలో విమానం ఎంత బరువు లాగుతుందో నేల మీద అంతే లాగాలి. గడియారం పట్టుకుని నిలబడ్డాడు. పది నిమిషాలు. పదిహేను. మోటారు హాయిగా తిరుగుతోంది. చక్రపాణి ఈల కూడా వేశాడంటారు.

పంతొమ్మిదో నిమిషంలో పెట్టె పక్కలు పూరీలా పొంగాయి. టప్పుమని మూత లేచింది, తెల్లటి పొగ కక్కి మోటారు ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. హైమవతి గడియారం చూసింది. పంతొమ్మిదో నిమిషానికి విమానం రెండో ఘాటు మీద ఉంటుంది. కింద చోడి చేను లేదు, దిగడానికి బెత్తెడు నేల లేదు.

చక్రపాణి పుస్తకం మూసేశాడు.

విమానం కొండవాడలో దిగినట్టూ, చూలాలితో మళ్లీ లేచినట్టూ రేడియోలో తెలిసింది. తరవాత ఘాటు అడ్డం వచ్చి రేడియో మూగబోయింది. పట్నం ఆసుపత్రి మైదానంలో దిగాలి, ఇక్కడి నుంచి కనపడదు. అందరూ డబ్బా చుట్టూ మూగారు. దాలమ్మ వాళ్ల మధ్యే నిలబడింది. ఆవిడకి జీడాకు మీద చీమ నడక వినపడుతోంది. రేడియోలో కూతురు మాట్లాడితే మాత్రం వినపడదు.

సరిగ్గా అప్పుడే అప్పలసూరి వచ్చాడు. మూగనోము మూగనోమే, మధ్యాహ్నం అన్నం క్యారియరూ చల్ల ముంతా మాత్రం మానలేదు. డబ్బా దగ్గర బిగుసుకుపోయిన పెళ్లాన్ని చూసి "ఏటయింది?" అన్నాడు. పలకలేదు. ఇంకా గట్టిగా అడిగాడు. ఉలకలేదు. హైమవతి ఆయన్ని పక్కకి లాగి దాలమ్మ చెవి సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. చెబుతూ కళ్లు దించుకుంది.

అప్పలసూరి క్యారియరు కింద పెట్టేశాడు.

అప్పుడు రేడియో గరగరమంది. ఒక్కసారిగా అందరి చేతులూ లేచాయి. కొందరు అరుస్తున్నారు, ఒకడు ఏడుస్తున్నాడు, హైమవతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాలమ్మ ఒక్కో మొహమూ వెతుకుతోంది. ఏడుపు దేనికి? ఆ చెయ్యి నోటికెందుకు? ఎవరూ ఆవిడ వైపు తిరగలేదు. సంతోషంలో ఉన్నవాళ్లకి ఆ తెలివి ఎక్కడుంటుంది!

అప్పలసూరి చల్ల ముంత ఎత్తాడు. చల్లంతా నేల మీద పారబోశాడు. తువ్వాలుతో లోపల తుడిచాడు. ముంతని పెళ్లాం చెవి పక్కన పెట్టి కణుపుతో ఒక్కటి కొట్టాడు.

ఖంగు.

దాలమ్మ ఆయన వైపు తిరిగింది. ఆయన మళ్లీ కొట్టాడు. ఖంగు. కుడివైపు పెట్టే కుండ మోత. బీటు లేదు, చుక్క కారదు, కూతురు దిగింది. దాలమ్మ అక్కడే, ఒలికిన చల్లలో చతికిలబడి, కడుపారా నవ్వింది. పట్టీ తనే పీకి హైమవతి చేతిలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం కొండవాడ మనిషికి మగపిల్లాడు పుట్టాడు. తల్లీ పిల్లా క్షేమం. ఆ సాయంత్రం చక్రపాణి బందు ఉత్తర్వు చింపి, కొత్త నిబంధనలు సొంత దస్తూరీతో రాశాడు. దిగొచ్చిన పెట్టె చేతికి చల్లగా తగిలేదాకా నింపకూడదు. ఎగిరే ముందు తప్ప నిండుగా ఉంచకూడదు. నీడలో, సగంతో ఉంచాలి. సగం ఖాళీ ఉన్నప్పుడే కొట్టి చూడాలి. చివరి దాని కింద "దాలమ్మ పద్ధతి" అని కూడా రాశాడు. పైన ఢిల్లీలో ఎవరో అది కొట్టేయబోతే, చొక్కా మడత నలిగేదాకా పోట్లాడి నిలబెట్టాడట.

ఇప్పుడు గెడ్డవలసలో పట్టీ పెట్టుకునేవాళ్లు ఎనిమిదిమంది, ఒక్కరు తప్ప అందరూ కుమ్మరి వీధి ఆడవాళ్లే. మనిషికి అరగంట, గడియారం కొట్టగానే పట్టీ ఊడాల్సిందే. ఆ గడియారం దగ్గర హైమవతే స్వయంగా కూర్చుంటుంది, ఎవరు బతిమాలినా ఒక్క నిమిషం ఇవ్వదు. ఆ ఒక్కరూ పై వీధి ఎర్రమ్మ. తన కుండ తనకి ఇంకా తిరిగి రాలేదని రోజూ గుర్తు చేస్తుంది. వాళ్లందరికీ పని నేర్పింది పట్టీ లేని దాలమ్మే. తుక్కులో పడాల్సిన మూడో నంబరు ఇంకో రెండేళ్లు ఎగిరింది. దాన్ని దించిన రోజు పసుపు రాసి బొట్టు పెట్టి, మేళంతో ఊరేగించారు. ఆ తరవాత కొండ మీద ఒక్క విమానమూ గాలిలో ఆగలేదు.

దాలమ్మ చెవి సంగతంటారా? మూడు నెలలకి కుడి చెవి మనుషుల్లో పడింది. ఒక పొద్దున్న ఆవిడ వాకిట్లో కుండలు కొడుతుంటే, వెనక సారె దగ్గర నుంచి అప్పలసూరి ఎప్పటి గొంతుతో అన్నాడు:

"ఇమానాలోళ్లకి నిండు మనిసినిచ్చినాను. సగం ఛార్జితో పంపించినారు."

దాలమ్మ వెనక్కి తిరగకుండానే తగిలించింది. "సగమే మంచిదట మావా. నిండుగా ఉంటే నీ బీట్లు కనపడవు."

కథ అయిపోయింది కనక చెప్పేస్తున్నాను. మిగతావాటి సంగతి మీ ఇష్టం గానీ, ఇందులో నేను కావాలని కల్పించినది ఒకటుంది. ఆయన వెనక నుంచి అనలేదు. నలభై ఏళ్లూ వెనక నుంచే అనేవాడు, నిజమే. కానీ దాలమ్మ ఎడమ చెవి మళ్లీ రాలేదు, కుడి చెవికి కూడా వెనక మాట సరిగ్గా అందదు. అందుకని ఆ పొద్దున్న అప్పలసూరి తిరుగుతున్న సారె ఆపి, మట్టి చేతులతో లేచి, వాకిలంతా చుట్టి వచ్చి, ఆవిడకి ఎదురుగా గొంతుక్కూర్చుని, కళ్లలోకి చూస్తూ, ఒక్కో ముక్కా విడదీసి ఆ దెప్పు దెప్పాడు. రోజుకి పదిసార్లు అలాగే లేచి వస్తాడు. కుండలు ఆలస్యమవుతున్నాయని ఊరంతా గోల.